విశాఖ హ్యాములకు (సరదాగా సొంత రేడియో స్టేషను నడిపేవారికి) ఒక ప్రశ్న: ఐగేటా, కొండమీద డిజిపీటరా?

సీతమ్మధార మేడ:
మనం పోగుచేసిన డబ్బుకు ఒక్క ఏపీఆర్ఎస్ స్టేషనే వస్తుంది. కొత్తవారి కోసం రెండు ముక్కలు: మన స్టేషను ఎక్కడుందో, అక్కడ గాలి, వాన, ఎండ ఎంతో చిన్న ప్యాకెట్లుగా 2 మీటర్ల రేడియో బ్యాండులో పంపే పద్ధతి ఇది. ఐగేట్ వాటిని విని ఇంటర్నెట్‌కు ఎక్కిస్తుంది. డిజిపీటర్ విన్నదాన్ని మళ్లీ గాలిలోకే వదులుతుంది. నా ఓటు ఐగేట్‌కే. మా అల్లుడు హైదరాబాదులో కూర్చుని మా మేడమీద ఎంత వాన పడిందో మ్యాపులో చూస్తున్నాడు. ఇంతకన్నా ఏం కావాలి?

మధురవాడ వీహెచ్ఎఫ్:
మాస్టారూ, 2014 అక్టోబరు 12న మీ అల్లుడుగారు ఏం చూసేవారు? హుద్‌హుద్ తుపాను వచ్చిన రోజు కరెంటు లేదు, ఫోన్లు మూగబోయాయి. మా నాన్నగారు క్షేమమన్న కబురు గోపాలపట్నంలో ఉన్న అత్తయ్యకు చేరడానికి మూడు రోజులు పట్టింది. చివరికి సైకిలు మీద వెళ్లి చెప్పారు. ఈ రోజుకీ నా హ్యాండ్‌సెట్ గోపాలపట్నానికి నేరుగా అందదు. మధ్యలో సింహాచలం కొండలున్నాయి. ఎత్తైన చోట సోలార్ బ్యాటరీతో డిజిపీటర్ ఉంటే 67 అక్షరాల సందేశమైనా కొండ దాటుతుంది. ఏపీఆర్ఎస్‌ను రూపొందించిన బాబ్ బ్రూనింగా అమెరికా నౌకాదళ అకాడమీలో పనిచేశారు (నేవీ ఊరు కదా, మనవాళ్లకు నచ్చుతుంది). ఇది బండ్ల జాడ చూసే ఆట కాదని, చుట్టుపక్కల వారు అప్పటికప్పుడు సమాచారం పంచుకునే సాధనమని ఆయన పదేపదే చెప్పేవారు.

కొత్త లైసెన్సు:
అన్నయ్యగారూ, నా భయం వేరు. ప్యాకెట్‌లో అక్షాంశం నిమిషంలో (అంటే డిగ్రీలో అరవయ్యో వంతులో) నూరోవంతు దాకా పోతోంది, అంటే సుమారు 18 మీటర్లు. మ్యాపులో మా ఇంటి గేటే కనిపిస్తోంది!

మధురవాడ వీహెచ్ఎఫ్:
చివరి రెండు అంకెలు ఖాళీగా వదిలెయ్యమ్మా. రెండు కిలోమీటర్ల లోపు ఎక్కడో ఉన్నావని మాత్రమే తెలుస్తుంది.

పెదవాల్తేరు బారోమీటర్:
ఏది పెట్టాలో తర్వాత. పంపే రీడింగు సంగతి ముందు చూడండి. గాలి వేగం కొలవాల్సింది 10 మీటర్ల ఎత్తున, బయలు ప్రదేశంలో. మన గాలిమీటర్లు నీళ్ల ట్యాంకు చాటున తిరుగుతున్నాయి. ఉష్ణోగ్రత శ్లాబు వేడిదే తప్ప ఊరిది కాదు. నేనూ తక్కువ తినలేదు: ప్యాకెట్‌లో ఫారెన్‌హీట్ పంపాలని తెలియక మొదటి వారం సెల్సియస్‌లో 31 పంపాను. మ్యాపులో పెదవాల్తేరు నీళ్లు గడ్డకట్టే చలిలో ఉంది! ఒక్క పీడనం మాత్రం ట్యాంకు చాటున పెట్టినా, గదిలో పెట్టినా మోసం చెయ్యదు. ఎనిమిది మీటర్ల ఎత్తుకు సుమారు 1 మిల్లీబారు తగ్గుతుంది, ఆ లెక్క సరిచేస్తే చాలు. తుపాను వేళ భీమిలి నుంచి గాజువాక దాకా అరడజను బారోమీటర్లు ఎలా పడిపోతున్నాయో పక్కపక్కన చూడగలిగితే, కేంద్రం ఎటు జరుగుతోందో కొంత అందుతుంది. అది ఆ గంటలో ఇక్కడున్న మనకు తెలియాలి. అందుకే నేను డిజిపీటర్ వైపు.

సీతమ్మధార మేడ:
చిన్న కంప్యూటర్ ఒకటి పెడితే రెండు పనులూ అదే చేస్తుంది కదా బాబూ?

పెదవాల్తేరు బారోమీటర్:
చేస్తుందండీ. తేడా పెట్టెలో లేదు, పెట్టే చోటులో ఉంది. మీ మేడమీద ఇంటర్నెట్ ఉంది, ఎత్తు లేదు. కొండమీద ఎత్తు ఉంది, కరెంటే లేదు.

సీతమ్మధార మేడ:
సరే, కొండే అనుకుందాం. సముద్రపు గాలికి మా ఇంట్లోనే యాంటెన్నా కనెక్టర్ ఆరు నెలలకోసారి చిలుము పట్టి పచ్చబడుతోంది. నాకు మోకాళ్ల నొప్పులు. పైకెక్కి దాన్ని తుడిచేది ఎవరో పేర్లు రాయండి, అప్పుడు ఓటు మారుస్తాను.

కొత్త లైసెన్సు:
నా పేరు రాసుకోండి. తోడు ఇంకొకరు కావాలి.