మెగ్నీషియం యాంటిమొనైడ్‌లో ఎలక్ట్రాన్లకు అడ్డుపడుతున్నవి ఏవి?

ఘనస్థితి:
వేడి నుంచి విద్యుత్తును తీసే థర్మోఎలక్ట్రిక్ పదార్థమైన మెగ్నీషియం యాంటిమొనైడ్‌లో మెగ్నీషియం పరమాణువులు ఉండవలసిన చోట్లు కొన్ని ఖాళీగా మిగిలి, ఒక్కొక్కటి రెండేసి ఎలక్ట్రాన్లను పట్టుకోవడం వల్ల అది సాధారణంగా పి-రకం (ఎలక్ట్రాన్లు లేని ఖాళీలు, అంటే రంధ్రాలు విద్యుత్తును మోసే) పదార్థంగానే తయారయ్యేది. 2016లో పానాసోనిక్ పరిశోధకులు మెగ్నీషియాన్ని అవసరానికి మించి కలిపి ఆ ఖాళీలను అణచి, కొద్దిగా టెల్లూరియం చేర్చి ఎన్-రకాన్ని (ఎలక్ట్రాన్లు విద్యుత్తును మోసేదాన్ని) సాధించారు. బిస్మత్ కూడా కలిసిన ఆ మిశ్రమంలో 716 కెల్విన్ల వద్ద, వేడిని విద్యుత్తుగా మార్చే సత్తాను సూచించే జెడ్‌టీ విలువ 1.5 వచ్చింది. అయితే పొడిని నొక్కి తయారుచేసిన దిమ్మల్లో విద్యుద్వాహకత గది ఉష్ణోగ్రత వద్ద తక్కువగా ఉండి, వేడి చేసేకొద్దీ కొంతదూరం పెరుగుతుంది. ఇందుకు కారణం విద్యుదావేశం గల లోపాలా, దిమ్మలోని చిన్న స్ఫటిక రేణువుల సరిహద్దులా?

హాట్‌ప్రెస్:
ఆవేశం గల లోపాలేనని నా అభిప్రాయం. అవి దగ్గరగా వచ్చిన ఎలక్ట్రాన్‌ను దారి మళ్లిస్తాయి. ఉష్ణోగ్రతతో పాటు ఎలక్ట్రాన్ వేగం పెరిగితే ఆ ప్రభావం తగ్గి చలనశీలత (ఎలక్ట్రాన్లు ఎంత తేలికగా కదులుతాయన్నది) పెరుగుతుంది. 2017లో హాట్ ప్రెస్ (పొడిని వేడిలో నొక్కి దిమ్మ చేసే పద్ధతి) ఉష్ణోగ్రతను పెంచి చలనశీలతను మెరుగుపరచినవారు కూడా ఇదే వివరణ ఇచ్చారు.

స్ఫటికం:
హాట్ ప్రెస్ ఉష్ణోగ్రతను పెంచితే లోపాలు మారడమే కాదు, రేణువులూ పెద్దవవుతాయి. ఒకే చర్యతో రెండూ మారినప్పుడు ఫలితాన్ని ఒకదాని ఖాతాలోనే వేయడం న్యాయం కాదు. రెండింటినీ విడదీసి చూపేది ఏకస్ఫటికం, అంటే ముక్కంతా ఒకే స్ఫటికం: అందులో డోపెంట్ (టెల్లూరియం వంటి చేర్పు) అయాన్లు ఉంటాయి, సరిహద్దులు ఉండవు. 2020లో వెలువడిన ఎన్-రకం ఏకస్ఫటికాల కొలతల్లో వాహకత వేడితో పెరగలేదు. లోహాల్లో మాదిరిగా తగ్గుతూ వచ్చింది. అయాన్లే ప్రధాన కారణమైతే ఆ పెరుగుదల అక్కడా కనిపించి తీరాలి.

రేణువులను పెంచితే ఉష్ణవాహకత కూడా పెరిగి లాభమంతా పోతుందని కొందరు భయపడతారు. ఈ పదార్థంలో ఉష్ణాన్ని మోసే ఫోనాన్లలో (పరమాణు కంపన తరంగాల్లో) అధిక భాగం రేణువు అంచు దాకా చేరకముందే చెదిరిపోతాయి గనుక ఆ భయం పెద్దగా వర్తించదు. వాటిని చెదరగొట్టే పనిలో యాంటిమొనీ స్థానాల్లో కూర్చున్న బరువైన బిస్మత్ పరమాణువులకు పెద్ద వాటా ఉంది. వాహక పట్టీ (ఎలక్ట్రాన్లు స్వేచ్ఛగా కదలగల శక్తి స్థాయిల సముదాయం) అడుగుభాగం ముఖ్యంగా మెగ్నీషియం కక్ష్యలతో ఏర్పడింది కాబట్టి బిస్మత్ రేపే అలజడి ఎలక్ట్రాన్లకు అంతగా తగలదు. లోపాలన్నిటినీ ఒకే గాటన కట్టి, ఎన్ని ఎక్కువైతే అంత మేలని రాసే సమీక్షా వ్యాసాలను చూస్తే నాకు విసుగు కలుగుతుంది.

హాట్‌ప్రెస్:
ఏకస్ఫటికం సాక్ష్యం బలమైనదే. కానీ సరిహద్దు ఎందుకు అడ్డుగోడ అవుతోంది? ఆటమ్ ప్రోబ్ (ఏ పరమాణువు ఎక్కడుందో చూపే పరికరం) పరీక్షల్లో సరిగ్గా అక్కడే మెగ్నీషియం కొరత కనిపించింది. అంటే నేను చెబుతున్న లోపాలే అంచున గుమిగూడి, ఎలక్ట్రాన్లకు గట్టు కడుతున్నాయని ఎందుకు అనుకోకూడదు?

స్ఫటికం:
అనుకోవచ్చు. అయితే అప్పుడు చేయవలసిన పని మారుతుంది: రేణువు లోపలి అయాన్ల గురించి కాక, అంచున తగ్గిన మెగ్నీషియం గురించి ఆలోచించాలి. మెగ్నీషియం ఆవిరిలో అనీలింగ్ చేసినా (చాలాసేపు వేడిలో ఉంచినా) రేణువులు పెరుగుతాయి కనుక ఆ ఫలితాలూ మన వాదాన్ని తేల్చవు. రేణువు పరిమాణం మారకుండా అంచున మాత్రమే మెగ్నీషియాన్ని నింపి కొలిచినవారు ఎవరైనా ఉంటే ఆ వివరాలు ఇక్కడ పెట్టగలరు.