ఆవు గురించి రాస్తే ‘ఎ కౌ’ అనాలా, ‘కౌస్’ అనాలా?

ప్రశ్న (ఆరో తరగతి పాప అమ్మ):
మా పాప ఆవు మీద పది వాక్యాలు రాసుకుని వెళ్లింది. మొదటిది ‘కౌ ఈజ్ ఎ డొమెస్టిక్ యానిమల్’. టీచర్ ఎర్ర పెన్నుతో ముందు ‘ఎ’ చేర్చారు. నాలుగోది ‘ది కౌస్ ఈట్ గ్రాస్’. అక్కడ ‘ది’ కొట్టేశారు. "ఒకచోట పెట్టమంటారు, ఒకచోట తీసేయమంటారు, ఎందుకమ్మా?" అంటోంది. నేను తెలుగు మీడియం. మనకి ‘ఆవు గడ్డి తింటుంది’ అంటే లోకంలోని ఆవులన్నీ వచ్చేస్తాయి కదా! పాపకి అర్థమయ్యేలా చెప్పండి.

జవాబు (రిటైరైన ఇంగ్లీషు మాస్టారు):
టీచర్ దిద్దింది రెండూ సరైనవే అమ్మా. లెక్కపెట్టగలిగినదాని పేరు ఇంగ్లీషులో ఏకవచనంలో ఉత్తినే నిలబడదు, ముందు ఏదో ఒకటి ఉండాలి. ‘ఎ కౌ’ అంటే ఏ ఆవునైనా సరే ఒకదాన్ని తీసుకో అని. ‘కౌస్’ అంటే మొత్తం ఆవులు. ‘ది కౌస్’ అన్నామా, వినేవాళ్లు ‘ఏ ఆవులు? మీ దొడ్లోవా?’ అనుకుంటారు. ‘ది కౌ’ అని ఏకవచనంలో జాతి మొత్తాన్నీ చెప్పొచ్చు, అది కాస్త పుస్తకాల భాష. అయితే ‘ది డోడో ఈజ్ ఎక్స్‌టింక్ట్’ అంటాం కానీ అక్కడ ‘ఎ డోడో’ కుదరదు. అంతరించింది జాతి, ఒక పక్షి కాదు. పాపకి ముందు ‘కౌస్’ అలవాటు చేయండి, చాలాచోట్ల అదే సరిపోతుంది.

జవాబు (డబ్లిన్‌లో నర్సు):
‘ఐ లైక్ చికెన్’ అంటే కూర. ‘ఐ లైక్ చికెన్స్’ అంటే పెరట్లో తిరిగే కోళ్లు. మా బాబుకి ఇలా చెప్తేనే ఎక్కింది.

ప్రశ్న అడిగిన అమ్మ:
మరి ‘మ్యాన్ ఈజ్ మోర్టల్’ అని బట్టీపట్టాం కదా మాస్టారూ, అందులో ‘ఎ’ లేదే?

మాస్టారు:
మంచి ప్రశ్న. మానవజాతి అనే అర్థంలో ‘మ్యాన్’ ఒంటరిగా వస్తుంది. అది ప్రత్యేకం. దాన్ని చూసే పిల్లలు ‘కౌ ఈజ్’, ‘టైగర్ ఈజ్’ అని రాసేస్తారు. ఇప్పుడు ఆ ‘మ్యాన్’ బదులు ‘హ్యూమన్స్’ అనడమే ఎక్కువ.

ప్రశ్న అడిగిన అమ్మ:
రాత్రి పాప ‘కౌస్ గివ్ మిల్క్’ అని రాసి, "పాలు తెల్లగా ఉంటాయి అంటాం కదా, మరి మిల్క్స్ ఆర్ వైటా?" అంది. ‘పాలు’ మనకి ఎప్పుడూ బహువచనమే, ఇంగ్లీషువాళ్లు మాత్రం పాలని లెక్కపెట్టరు, అందుకే ‘మిల్క్ ఈజ్ వైట్’ అని చెప్పాను. "నీళ్లు కూడా అంతేనా?" అని తనే అడిగింది.