మార్క్ 3 అంబాసిడర్: పెడల్ జారుతోంది, ముందు ఎడమ డ్రమ్ము కాలుతోంది, సీట్లు కూడా చేయించాలి

తెనాలి_మార్క్3:
1978 బండి. ఎనిమిదేళ్లు షెడ్డులోనే ఉంది. బ్రేక్ ఒకసారి తొక్కితే సగానికి పైగా దిగుతుంది, వెంటనే రెండోసారి తొక్కితే పైకొస్తుంది. తొక్కి పట్టుకుంటే మెల్లగా కిందికి జారుతుంది. ఫ్లూయిడ్ బయట ఎక్కడా కారడం లేదు. నాలుగు కిలోమీటర్లు తిప్పేసరికి ముందు ఎడమ డ్రమ్ము చెయ్యి పెట్టలేనంత వేడి. లోపల సీట్ల స్పాంజి పిండైపోయింది, రూఫ్ గుడ్డ వేలాడుతోంది, మ్యాట్ కింద తుప్పు. ముందు ఏది మొదలుపెట్టాలి? మెకానిక్ ఏసీ వాళ్లు వాడే రాగి గొట్టంతో లైన్లన్నీ కొత్తగా వేస్తానంటున్నాడు, వేయించనా?

లేత్_షెడ్:
మీరు చెప్పినవి మూడు వేర్వేరు జబ్బులండి. ఒకే మందు పనిచేయదు.

పట్టుకుంటే జారడం, బయట కారకపోవడం అంటే మాస్టర్ సిలిండర్‌లో (పెడల్ తొక్కితే ఫ్లూయిడ్‌ని చక్రాలకి తోసే భాగంలో) రబ్బర్ కప్పు ఫ్లూయిడ్‌ని వెనక్కి వదిలేస్తోంది. విప్పి బోరు (సిలిండర్ లోపలి గోడ) వెలుతుర్లో చూడండి. గోరుకి తగిలే గుంట ఉంటే కొత్త రబ్బర్ల కిట్ వేసినా నెల తిరక్కుండా మళ్లీ అదే కథ. కొత్తది దొరికితే సరే, లేదంటే లేత్ మీద స్టెయిన్‌లెస్ స్లీవ్ వేయించి పాత సైజుకే బోర్ చేయించాలి. కప్పుల్నీ సిలిండర్‌నీ కిరోసిన్‌తో, పెట్రోలుతో కడగనివ్వకండి. రబ్బరు ఉబ్బుతుంది. ఊళ్లల్లో కొత్త కిట్లు పాడయ్యేది ఎక్కువగా ఇందుకే. కడగడానికి బ్రేక్ ఫ్లూయిడ్ గానీ మిథిలేటెడ్ స్పిరిట్ గానీ వాడాలి.

రెండో తొక్కుకి పైకి రావడం ఎక్కువగా షూ (డ్రమ్ముని లోపలి నుంచి ఒత్తి పట్టే ముక్క), డ్రమ్ముల మధ్య ఖాళీ వల్ల. గాలి ఉంటే పెడల్ స్పాంజిలా మెత్తగా ఉంటుంది, తేడా కాలికే తెలుస్తుంది. ముందు చక్రానికి రెండేసి సిలిండర్లు ఉంటాయి కాబట్టి రెండు షూలనీ విడివిడిగా చూడాలి. షూ అడ్జస్టర్‌ని డ్రమ్ము పట్టేదాకా బిగించి, చక్రం రాపిడి లేకుండా తిరిగేంత వెనక్కి వదలండి. కిట్ మార్చేటప్పుడు మాస్టర్ చివర ఉండే చిన్న వాల్వుని బల్ల మీదే మర్చిపోతే కూడా ఇదే లక్షణం వస్తుంది.

ఇక కాలే డ్రమ్ము. జాకీ ఎత్తి బ్రేక్ తొక్కి వదలండి. చక్రం బిగిసి ఉంటే ఆ చక్రం బ్లీడర్ (గాలి, ఫ్లూయిడ్ బయటికి వదిలే చిన్న స్క్రూ) తిప్పండి. ఫ్లూయిడ్ చిమ్మి చక్రం వదిలిందంటే ఒత్తిడి లోపలే ఇరుక్కుంది. ఒక్క చక్రమే కాబట్టి దాని రబ్బర్ హోస్ మీద అనుమానం. పైకి బాగానే ఉంటుంది, లోపలి పొర ఉబ్బి ఫ్లూయిడ్‌ని పోనిస్తుంది, తిరిగి రానివ్వదు. బ్లీడర్ తిప్పినా వదలకపోతే పిస్టన్ తుప్పు పట్టి ఉండాలి, లేదా రిటర్న్ స్ప్రింగ్ సాగిపోయి ఉండాలి. నాలుగు చక్రాలూ బిగుస్తుంటే మాత్రం పెడల్‌కి ఫ్రీ ప్లే (తొక్కగానే ఉండాల్సిన కొద్దిపాటి ఖాళీ కదలిక) లేకపోయి ఉండొచ్చు.

షూల మీది పాత లైనింగుల్లో (రాపిడి పట్టీల్లో) ఆస్‌బెస్టాస్ ఉండొచ్చు. డ్రమ్ములో దుమ్ముని ఎయిర్ కొట్టి ఊదొద్దు, తడిగుడ్డతో తుడవండి. వెనక షూలు నూనెతో తడిసి ఉంటే మొదట వెనక యాక్సిల్ ఆయిల్ సీల్ మార్చాలి. తడిసిన లైనింగ్ కడిగినా మళ్లీ పట్టదు.

పాత_గేరు:
ఫ్లూయిడ్ సిలికాన్ డాట్ 5 పోసేయండి, పెయింటు పాడవదు, నీరు పీల్చదు.

లేత్_షెడ్:
అన్నా, పాత ఫ్లూయిడ్ చుక్క కూడా మిగలకుండా మొత్తం కొత్తగా చేస్తేనే అది సాధ్యం, రెండూ కలవవు. పైగా బ్లీడింగ్‌లో (లైన్లలో గాలి తీసేటప్పుడు) బుడగలు పట్టుకుంటుంది. ఈ బండికి మామూలు ఫ్లూయిడ్ రకాలు డాట్ 3 గానీ 4 గానీ చాలు, రెండేళ్లకోసారి మార్చండి. లీటరు కొంటే కడగడానికి కూడా సరిపోతుంది. గాలి తీయడం మాస్టర్‌కి దూరం చక్రంతో మొదలుపెట్టాలి: వెనక ఎడమ, వెనక కుడి, ముందు ఎడమ, చివర ముందు కుడి. పెయింటు మీద పడితే తుడవకుండా వెంటనే నీళ్లు పోయండి.

రెక్సిన్_పని:
అందుకే బ్రేకులు పూర్తయ్యాకే లోపలి పని పెట్టుకోండి. ఫ్లూయిడ్ చేతులతో కొత్త రెక్సిన్ ముట్టుకుంటే మరకే.

మొదట ఫ్లోరు. మ్యాట్, ఫెల్ట్ తీసేసి తుప్పు గీకండి. స్క్రూ డ్రైవరు దిగే చోట ప్రైమర్ పూసి లాభం లేదు, రేకు కోసి వెల్డింగే. డోర్ల అడుగున నీళ్లు పోయే కన్నాలు పుల్లతో తెరవండి, అవి పూడితేనే డోరు కింద కుళ్లుతుంది. డోర్ ప్యాడ్‌కి కొత్త హార్డ్‌బోర్డు కోయించినా, వెనక పాలిథిన్ షీటు అంటించకపోతే అద్దం మీంచి జారే వాననీరు తాగి మొదటి వర్షాకాలానికే వంకర్లు పోతుంది.

సీట్లకి స్ప్రింగులు చూడండి, విరిగినవి మార్చి, పైన గోనెపట్టా గట్టిగా లాగి కట్టాలి. దాని మీద కొబ్బరిపీచు పొర, ఆపైన ఫోమ్. కింద 40 డెన్సిటీ, వెనక ఆనుకునేదానికి 32 చాలు. మెత్తగా ఉందని తక్కువ డెన్సిటీ కొంటే బెంచి సీటు మధ్యలో తొట్టిలా దిగిపోతుంది. పాత కవరు కుట్లు విప్పి ఆ ముక్కల్నే నమూనా పెట్టి కోయించండి, కొలిచి కోస్తే మూలల్లో ముడతలు తప్పవు.

రూఫ్ గుడ్డ ఇనుప కడ్డీలకి వేలాడుతుంది. కడ్డీలన్నీ ఒకే పొడవు కావు, తీసేటప్పుడే ముందు నుంచి నంబర్లు రాయండి. కొత్త గుడ్డని మధ్య నుంచి ముందుకీ వెనక్కీ లాగుతూ క్లిప్పులు పెట్టి, మడతలు పోయాకే బంక. రెండు వైపులా పూసి, వేలికి అంటీ అంటనట్టు ఆరాక అంటించాలి. తడి మీద అంటిస్తే మే ఎండకి ఊడుతుంది.

లేత్_షెడ్:
రాగి గొట్టం సంగతి చెప్పలేదు కదా, వేయించొద్దు. అదురుకి రాగి గట్టిపడి ఫ్లేర్ (జాయింటు కోసం వెడల్పు చేసిన పైపు చివర) దగ్గర పగులుతుంది. మీ బండిది ఒకే సర్క్యూట్ అయితే ఒక్క పైపు పగిలినా నాలుగు చక్రాలకీ బ్రేక్ ఉండదు. 3/16 అంగుళాల స్టీలు బ్రేక్ పైపు గానీ, కాపర్-నికెల్ గానీ తెచ్చి, ఫ్లేరు పాత పైపుకి ఎలా ఉందో అలాగే కొట్టించండి. హోసులు మూడూ ఒకేసారి మార్చండి. బిగించాక ఇంజన్ ఆపి పెడల్ మీద గట్టిగా నిమిషం పాటు కాలు ఉంచి, ప్రతి జాయింటూ టార్చి వేసి చూడండి. ఆ తర్వాతే రోడ్డు మీదికి.