బండి కింద ఇనుప రేకు: మొత్తం వేయించాలా, అసలు వద్దా?

ఓర్వకల్లు_థార్:
అన్నలారా, మా ఇంటి పంచాయితీ ఒకటి తీర్చండి. నాది 2021 డీజిల్ థార్. పోయిన ఆదివారం బేతంచెర్ల పక్క, నాపరాళ్ల గనుల దగ్గర బండ్ల బాటలో పోతాంటే కింద టంగుమని ఒక్క దెబ్బ తగిలింది. దిగి తల దూర్చి చూస్తే క్రాస్‌మెంబర్ (చాసిస్‌లో అడ్డంగా ఉండే ఇనుప కమ్మీ) సొట్ట పడిండాది. ఇంకో నాలుగు వేళ్లు వెనక తగిలుంటే ఆయిల్ చాంబర్, అదే ఇంజిన్ అడుగున ఆయిల్ నిలిచే గిన్నె, పగిలేది. మా బామ్మర్ది ఏమో, ముందు బంపర్ నుంచి వెనక ట్యాంకు దాకా 5 ఎంఎం ఇనుప రేకు కొట్టించెయ్ బావా అంటాండాడు. మా నాయనేమో, రేకు గాదు, ముందు నీ కాలు అదుపులో పెట్టుకో అంటాడు. నాకైతే వేయించాలనే ఉండాది.

గండికోట_జిమ్నీ:
వేయించు తమ్ముడూ, రెండో ఆలోచన వద్దు. జమ్మలమడుగు అవతల మా జతగాడి బండికి ఇట్లే రాయి తగిలింది. చాంబర్ చీలింది. డ్యాష్‌బోర్డులో ఎర్ర లైటు వెలిగినా, రోడ్డెక్కితే చాలులే అని ఇంకో కిలోమీటరు తోలినాడు. ఇంజిన్ పట్టేసింది. ఇన్సూరెన్సోళ్లు ఏమన్నారో తెలుసా? రాయి తగిలి చాంబర్ పగిలింది, దానికి ఇస్తాం. ఆయిల్ లేదని తెలిసీ తోలి ఇంజిన్ పోగొట్టుకున్నావు, అది నీ ఖాతా అన్నారు. ఇంజిన్ ఖర్చు ముందర రేకు ఖర్చెంత?

రేగడి_బొలేరో:
అన్నా, మీ వాడి ఇంజిన్ పోయింది రేకు లేక కాదు, లైటు చూసి ఆపక. ఆపుంటే చాంబర్‌కు ఎమ్‌సీల్ పూసి, ఆయిల్ పోసుకొని ఊరు చేరుంటాడు.

ఇంక లెక్క చూడండి. ఇనుము చదరపు మీటరుకు, మిల్లీమీటరు మందానికి ఇంచుమించు 8 కిలోలు. 5 ఎంఎం అంటే 39 కిలోలు. కింద మొత్తం అంటే తక్కువలో తక్కువ రెండు చదరపు మీటర్లు. అంటే ఎప్పుడూ దిగని మనిషినొకణ్ణి బండి కింద కూర్చోబెట్టుకున్నట్టే. మాది ఆదోని దిక్కు, నల్లరేగడి. వాన పడితే ఆ బురద రేకు మీదకెక్కి కూచుంటాది, ఎండితే ఇటుకే. లోపల ఆయిల్ కారుతున్నా నేల మీద చుక్క కనపడదు. ఎండాకాలంలో ఇంకో తంటా. కొండ బాటల్లో బోదగడ్డి విరిగి రేకుకూ సైలెన్సర్‌కూ మధ్య ఇరుక్కుంటాది. బీఎస్6 డీజిల్ బండిలో డీపీఎఫ్ (పొగలో మసిని పట్టే జల్లెడ) ఆ మసి కాల్చుకునేటప్పుడు లోపల వేడి 600 డిగ్రీల దాకా పోతాది. రాయి నుంచి కాపాడబోయి నిప్పు పెట్టుకున్నట్టు అయితాది.

చిత్రావతి_ఇసుక:
మా పక్క రాయే లేదు సామీ, అంతా ఇసుకే. టైర్లలో గాలి 18 పీఎస్‌ఐకి దించితే చాలు, రేకెందుకు?

గండికోట_జిమ్నీ:
ఇసుకలో కూరుకుపోయిన బండి కింద ఏముంటాదో నీకు కనపడతాదా?

పాత_జీపు:
తాడిపత్రిలో షెడ్డు పెట్టుకొని బతుకుతాండా, జీపుల కాలం నుంచి బండ్ల కిందనే పడుకున్నా. మీరిద్దరూ "కింద" అంటాండారు గానీ, కింద యాడ అన్నది చెప్పడంల్యా.

జిమ్నీకి ముందూ వెనకా రెండూ నిండు ఇరుసులే, అంటే రెండు పక్కల చక్రాలనూ ఒకే గట్టి ఇరుసు కలుపుతాది. రాయి మీద చక్రం ఎక్కితే దాంతో పాటు ఇరుసూ లేస్తాది. కొత్త థార్‌కు వెనక మాత్రమే నిండు ఇరుసు, ముందు విడి సస్పెన్షన్, ఏ చక్రానికదే లేస్తాది. బాడీ కుంగితే ముందు డిఫరెన్షియల్ (రెండు చక్రాలకూ ఇంజిన్ బలం పంచే పళ్ల పెట్టె), చాంబర్ అన్నీ దాంతో పాటే నేలకు దిగుతాయి. అందుకే థార్‌కు ముందు భాగం జాగ్రత్త. స్ప్రింగులు ఎత్తు చేయించినా వెనక డిఫరెన్షియల్ గుండు అంగుళం కూడా లేవదు. అది లేవాలంటే టైరు పెద్దది కావాల్సిందే, అదీ టైరు రెండంగుళాలు పెరిగితే గుండు లేచేది ఒక్కంగుళం. ఆ గుండు మొండిది, అంత సులభంగా పగలదు. చచ్చేది పల్చటి చాంబర్, ట్రాన్స్‌ఫర్ కేసు (ముందు వెనక ఇరుసులకు బలం పంచే పెట్టె), ట్యాంకు, ఇరుసు మీద పోయే బ్రేకు పైపు.

రేకు వాటికి మాత్రమే. బోల్టులు చాసిస్‌కు పడాలి, గేర్‌బాక్సుకు కాదు. దెబ్బ తగిలితే ఆ బరువు చాసిస్ మోయాలి. చాంబర్‌కూ రేకుకూ నడుమ రెండు వేళ్ల సందు ఉండాలి. లేకపోతే సొట్ట పడిన రేకే చాంబర్‌ను పొడుస్తాది. బోల్టు తలలు రేకులోకి మునిగుండాలి, బయటికుంటే రాయి వాటిని గొరిగేస్తాది, తర్వాత ఏ పానా పట్టదు. అల్యూమినియం తేలికే గానీ నాపరాయి అంచు దాన్ని కొరికి పట్టుకుంటాది, ఇనుము జారిపోతాది. మన దిక్కుకు ఇనుమే మేలు.

తమ్ముడూ, మీ నాయన మాట కూడా తీసెయ్యొద్దు. రాయిని చక్రాల నడుమకు పెట్టుకొని దాటాలనుకుంటావే, అది తప్పు. టైరు దాని మీదకే ఎక్కియ్యి, కడుపు పైకి లేస్తాది.

గండికోట_జిమ్నీ:
పెద్దాయనా, పగలు సరే. రాత్రి లైట్ల వెలుతురులో రాయి యాడుందో లోతెంతో ఎవరికి తెలుస్తాది?

పాత_జీపు:
దిగి చూడాల నాయనా. తలుపు ఉండేది అందుకే.

రేగడి_బొలేరో:
ముందు బుల్‌బార్ (బంపర్ ముందర బిగించే ఇనుప గొట్టాల చట్రం) బిగించుకొని, కింద రేకు లేకుండా తిరిగే వాళ్లను చూస్తే నవ్వొస్తాది. కేంద్రం 2017 డిసెంబరులోనే వాటిని వద్దంది. అదింకా తీయరు, ఫోటోకు కావాల గదా.

ఓర్వకల్లు_థార్:
వేయించినా. చాంబర్ కింద ఒకటి, ట్రాన్స్‌ఫర్ కేసు కింద ఒకటి, 4 ఎంఎం, రెండూ కలిపి 24 కిలోలు. సైలెన్సర్ పక్క మొత్తం ఖాళీ వదిలినా. ట్యాంకు సంగతి తర్వాత. ఒక్క తప్పు జరిగింది. ఆయిల్ మార్చేదానికి బొక్క పెట్టించాలని అట్ట మీద గుర్తు గీసి ఇస్తే, వెల్డింగ్ పిల్లోడు అట్టను తిరగేసి పెట్టి కోసినాడు. డ్రెయిన్ నట్టు ఎడమ పక్క, బొక్క కుడి పక్క.

రేగడి_బొలేరో:
ఉండనీ తమ్ముడూ, బురద దిగేదానికి పనికొస్తాది. ఎడమ పక్క ఇంకొకటి కోయించుకో.