పండక్కి ఒక్క ఎనిమే (జపాన్ కార్టూన్) ఫైటింగ్ గేమే కొనాలి: ఆర్క్ సిస్టమ్ వర్క్స్‌దా, సైబర్‌కనెక్ట్2దా?

లంక కుర్రోడు, అంబాజీపేట:
సంక్రాంతికి మా మేనత్త పిల్లలు హైదరాబాద్ నుంచి దిగుతున్నారు. ఇంట్లో పాత పీఎస్4 (ప్లేస్టేషన్ 4), రెండు కంట్రోలర్లు ఉన్నాయి. డబ్బులు మాత్రం ఒక్క గేమ్‌కే. చిన్నోడు డ్రాగన్ బాల్ ఫైటర్‌జీ అంటాడు, మా తమ్ముడు నరుటో స్టార్మ్ 4 అంటాడు. పెద్దోడు డీమన్ స్లేయర్ సినిమా తెలుగులో చూసొచ్చిన దగ్గర్నుంచి ఆ గేమే కావాలని పట్టు. నాకు అర్థం కానిది ఒకటుంది. ఫైటర్‌జీ మీదా స్టార్మ్ మీదా బండాయ్ నామ్‌కో పేరే కనిపిస్తోంది. మరి ఒకటి పక్క నుంచి ఆడాలి, ఇంకోటి వెనక నుంచి ఆడాలి. ఒకే కంపెనీ గేముల్లో ఇంత తేడా ఏంటండి?

పాలకొల్లు గేమ్ షాపు:
తమ్ముడూ, బండాయ్ నామ్‌కో పబ్లిషర్. డబ్బు పెట్టి మార్కెట్లోకి తెచ్చేది వాళ్లు, గేమ్ చేసేది వేరేవాళ్లు. 2018లో ఫైటర్‌జీ చేసింది యొకోహామాలోని ఆర్క్ సిస్టమ్ వర్క్స్. 2016 నాటి స్టార్మ్ 4 ఫుకువోకాలో ఉండే సైబర్‌కనెక్ట్2ది. మీ పెద్దోడు అడిగే డీమన్ స్లేయర్ కూడా వీళ్లదే, 2021లో వచ్చింది. కాకపోతే జపాన్ బయట దాన్ని సెగా అమ్మింది. అంటే మీ ఇంట్లో గొడవ మూడు గేముల మధ్య కాదు, రెండు ఆఫీసుల మధ్య.

నాది చిన్న షాపు, గంటల లెక్కన ఆడిస్తాను. ఆడేవాళ్ల వెనక నిలబడి చూస్తుంటే ఈ రెండింటికీ తేడా బాగా తెలుస్తుంది.

ఆర్క్ వాళ్లు ఫైటింగ్ గేమ్ మనుషులు. 1998లో గిల్టీ గేర్‌తో పేరొచ్చింది. అప్పట్లో అంతా చేత్తో గీసిన బొమ్మలే. 2014లో గిల్టీ గేర్ ఎగ్జర్డ్‌తో 3డీకి మారారు, కానీ చూస్తే గీసినట్టే ఉంటుంది. ఎలాగంటే, ఒక భంగిమకీ ఇంకో భంగిమకీ మధ్య కదలికని కంప్యూటర్‌కి వదిలేయలేదు. ఒక్కో భంగిమ మనిషే పెట్టి, కొన్ని ఫ్రేముల (తెర మీద వరసగా మారే బొమ్మల) పాటు దాన్ని కదలకుండా ఉంచారు. టీవీలో ఎనిమే నడిచేది అలాగే కదా. నీడలు కూడా స్టేజి లైటుని బట్టి పడవు, ఒక్కో పాత్రకి దాని లైటు దానికే ఉంటుంది. ఫైటర్‌జీలో ఇదే పద్ధతి. నామెక్ గ్రహం స్టేజి మీద విలన్ ఫ్రీజాని హీరో గోకు ఆఖరి దెబ్బతో పడగొడితే, అన్నీ కుదిరినప్పుడు ఎనిమేలో సీను యథాతథంగా వస్తుంది. అది పడ్డ రోజు షాపులో పక్క టీవీల వాళ్లు కూడా ఆట ఆపి చూస్తారు.

సైబర్‌కనెక్ట్2 వాళ్లకి కథే ముఖ్యం. ఎనిమేని మన చేతికివ్వాలనే తాపత్రయం ఎక్కువ. స్టార్మ్ 4లో నరుటో, సాసుకేల ఆఖరి పోరు 2016 ఫిబ్రవరికే ఉంది. టీవీలో అదే పోరు సెప్టెంబర్ ఆఖర్లో గానీ రాలేదు! ఆ పోరాటం వరకూ వీళ్లదే బాగుందని వాదించే కుర్రాళ్లు మా షాపులో ఇప్పటికీ ఉన్నారు, నేనూ వాళ్ల వైపే.

ఇక ఆట సంగతి. స్టార్మ్‌లో నరుటోతో ఆడటం వస్తే సాసుకేతోనూ వచ్చేసినట్టే, బటన్లు దాదాపు అవే. దెబ్బ తగిలే క్షణంలో గార్డు (దెబ్బ ఆపే బటన్) నొక్కితే దుంగ మిగిల్చి వెనక్కి మాయమవుతావు, అందుకు తెర మీద నాలుగు గీతలుంటాయి, మాయమైనప్పుడల్లా ఒకటి పోతుంది. గెలుపోటములన్నీ ఆ నాలుగు గీతలు ఎప్పుడు ఖర్చు పెట్టావన్న దాని మీదే. ఫైటర్‌జీలో అలా కాదు. ముగ్గురు మనుషుల జట్టు, ఒక్కొక్కరినీ విడిగా నేర్చుకోవాలి. ఒకే బటన్ టకటకా కొడితే వచ్చే కాంబో (వరస దెబ్బలు) ఉంది గనక మొదటిరోజు అందరూ హుషారే. ఆ తర్వాత ఒకడు నేర్చుకుంటాడు. ఇక రెండోవాడికి కంట్రోలర్ చేతిలో ఉన్నా పని ఉండదు, గాల్లో తన్నులు తింటూ చూడటమే. బావామరుదుల మధ్య అది పండగ ఆట కాదు. స్టార్మ్ 4 తీసుకో.

భీమవరం కాంబో:
అన్నయ్యా, తన్నులు తినడం కూడా ఆటలో భాగమే కదా. స్టార్మ్ వారంలో బోరు కొట్టేస్తుంది, మా హాస్టల్లో చూశాం. ఫైటర్‌జీలో ఓడిన ప్రతిసారీ ఎందుకు ఓడామో రీప్లేలో కనిపిస్తుంది. ఒక్క మాట, పీఎస్4లో ఆన్‌లైన్ మీద ఆశ పెట్టుకోకండి. 2024లో ఇచ్చిన రోల్‌బ్యాక్ (నెట్ ఆలస్యం ఆటలో తెలియకుండా చేసే పద్ధతి) పీసీకి, పీఎస్5కి, కొత్త ఎక్స్‌బాక్స్‌కే. పాత దాంట్లో అవతలివాడి నెట్ నత్తనడక నడిస్తే మీ బటన్ కూడా ఆగి ఆగి పడుతుంది.

రాజోలు సైయన్:
ఇద్దరూ స్పైక్ అనే ఇంకో స్టూడియో వాళ్లని మర్చిపోయారు. వాళ్ల డ్రాగన్ బాల్ గేమ్ బుడోకాయ్ టెంకాయిచి 3 పీఎస్2లో ఆడనివాడు ఉన్నాడా అసలు? వాళ్ల గేమ్ తీర్థంలో బొమ్మల కొట్టులాంటిది, బ్యాలెన్స్ (పాత్రలన్నిటి బలం సమానంగా ఉండటం) ఎవడిక్కావాలి, నచ్చినోణ్ని తీసి కొట్టించడమే. 2024లో వాళ్లదే స్పార్కింగ్ జీరో 182 మంది పాత్రలతో వచ్చింది.

పాలకొల్లు గేమ్ షాపు:
స్పార్కింగ్ జీరో పీఎస్4కి లేదు సైయన్ గారూ. పైగా విడుదలైనప్పుడు ఇద్దరు ఒకే టీవీలో ఆడాలంటే పగలడానికి ఏమీ లేని తెల్లటి గది ఒక్కటే స్టేజి. మరికొన్ని తర్వాత అప్‌డేట్లలో కలిపారు. పక్కపక్కన కూర్చుని ఆడే గేమ్‌ని అలా వదిలారంటే నాకు ఇప్పటికీ కోపమే.

లంక కుర్రోడు, అంబాజీపేట:
ఆయ్, చాలా థ్యాంక్సండి. మరి డీమన్ స్లేయర్ సంగతి? పెద్దోడు అలుగుతాడు.

పాలకొల్లు గేమ్ షాపు:
చూడటానికి స్టార్మ్ కన్నా అందంగా ఉంటుంది, అందులో అనుమానం లేదు. కానీ ఆడటానికి మనుషులు తక్కువ. విడుదలప్పుడు 18 మంది, అందులో ఆరుగురు స్కూల్ వేషాల్లో ఉన్న అదే పాత్రలు. రూయి, అకాజా అనే రాక్షసులని తర్వాత ఉచితంగా ఇచ్చారు. ఇంటినిండా పిల్లలుంటే ఒకే హీరో కోసం కొట్టుకుంటారు. స్టార్మ్ 4 డిస్కు నా దగ్గర వాడింది ఒకటుంది, ఆదివారం వస్తే పెట్టి చూపిస్తాను. నరుటో కొడుకు బొరుటో కథ మాత్రం అందులో లేదు, కావాలంటే స్టోర్లో విడిగా కొనుక్కోవాలి.