రెండు డిస్కులకే డబ్బుంది: మిర్రర్ చేయాలా, ఒకటి బ్యాకప్‌కి ఉంచాలా?

కృష్ణాతీరం:
సినిమాలు, పెళ్లి వీడియోలు, పిల్లల ఫొటోలు అన్నీ ఒకచోట పెట్టి టీవీలో చూసుకోవడానికి చిన్న సర్వర్ తయారు చేస్తున్నాను. సికింద్రాబాద్ సీటీసీ కంప్యూటర్ మార్కెట్లో ఆఫీసు నుంచి వచ్చిన పాత డెస్క్‌టాప్ తీసుకున్నా, ఏడో తరం ఇంటెల్ ఐ5 ప్రాసెసర్. 10 బిట్ హెచ్‌ఈవీసీ అనే బాగా కుదించిన వీడియోని కూడా అందులోని గ్రాఫిక్సే చూసుకుంటుంది. డిస్కులు, ఫైళ్లు చూసుకోవడానికి ఓపెన్‌మీడియావాల్ట్, వాటిని టీవీలో చూపడానికి జెల్లీఫిన్ వేస్తాను, రెండూ ఉచితమే. మిగిలిన డబ్బుకి 4 టీబీ డిస్కులు రెండే వస్తాయి. రెండింట్లోనూ ఒకేసారి అదే డేటా పడేలా మిర్రర్ చేయాలా, ఒకటి బ్యాకప్‌కి ఉంచాలా?

సత్యం_వరంగల్:
మిర్రరే చేయండి. ఒక డిస్కు పోయినా రెండోది నడుస్తూనే ఉంటుంది. బ్యాకప్ అంటే మనం గుర్తుపెట్టుకుని తీయాలి. రెండు నెలలయ్యాక ఎవరూ తీయరు.

గోదారి_గట్టు:
సత్యం గారూ, నేను ఒప్పుకోను. మిర్రర్ కాపాడేది డిస్కు పాడైనప్పుడు మాత్రమే. పిల్లలు ఫోల్డర్ డిలీట్ చేస్తే రెండో డిస్కులోనూ అప్పుడే పోతుంది. పవర్ సప్లై కాలినా, దొంగలు పడినా రెండు డిస్కులూ ఒకే డబ్బాలో ఉన్నాయి కదా! ఇంట్లో సర్వర్ ఒక రోజు ఆగితే కొంప మునగదు. గిగాబిట్ నెట్‌వర్క్ మీద సెకనుకి 110 ఎంబీ చొప్పున వేసుకున్నా 4 టీబీ దాదాపు 10 గంటల్లో తిరిగి ఎక్కుతుంది. రాత్రి పెట్టి పడుకుంటే సరి. పెళ్లి వీడియో పోతే మాత్రం మళ్లీ ఎక్కడ తెస్తాం?

గుర్తుండదు అన్నారు. యూఎస్‌బీ డిస్కు తగిలించగానే దానంతట అదే కాపీ చేసే ప్లగిన్ ఓపెన్‌మీడియావాల్ట్‌కి ఉంది. కాపీ అయ్యాక తీసి అన్నయ్య ఇంట్లోనో, ఆఫీసు లాకర్‌లోనో పెట్టండి.

సత్యం_వరంగల్:
డిలీట్ అయినవాటికి జెడ్‌ఎఫ్‌ఎస్ అనే ఫైల్ సిస్టమ్‌లో స్నాప్‌షాట్లు (ఒక సమయానికి ఫైళ్లు ఎలా ఉన్నాయో దాచి ఉంచేవి) ఉన్నాయండీ. ఫైల్లో ఒక ముక్క నిశ్శబ్దంగా పాడైతే చెక్‌సమ్‌తో (డేటా మారిందో లేదో చెప్పే లెక్కతో) పట్టుకుని రెండో డిస్కు నుంచి సరిచేసేది కూడా జెడ్‌ఎఫ్‌ఎస్ మిర్రరే. మీ బ్యాకప్ ఆ పాడైన ఫైల్నే కాపీ చేస్తే?

ఉప్పల్_రూటర్:
మధ్యలో ఒక మాట. మిర్రర్ చేస్తే సీఎంఆర్ (ట్రాకులు ఒకదాని మీద ఒకటి ఎక్కకుండా రాసే) డిస్కులే కొనండి. 2020లో వెస్టర్న్ డిజిటల్ రెడ్ డిస్కుల్లో కొన్ని మోడళ్లు ఎస్‌ఎంఆర్ (ట్రాకులు ఒకదాని మీద ఒకటి కొంత ఎక్కేలా రాసేవి) అని బయటపడి పెద్ద గొడవైంది. జెడ్‌ఎఫ్‌ఎస్‌లో పాడైన డిస్కు మార్చాక మళ్లీ నింపేటప్పుడు అవి బాగా నెమ్మదిస్తాయి. కరెంటు కూడా చూసుకోండి: 50 వాట్లు తాగే డబ్బా రోజంతా ఉంటే నెలకి 36 యూనిట్లు.

గోదారి_గట్టు:
చెక్‌సమ్ మాట నిజమే సత్యం గారూ, అది మంచి పాయింటు. కానీ ఒక్క డిస్కు మీద జెడ్‌ఎఫ్‌ఎస్ వేసినా ఏ ఫైలు పాడైందో చెబుతుంది, అప్పుడు దాన్ని బ్యాకప్ నుంచి తెచ్చుకోవచ్చు. స్నాప్‌షాట్లు దొంగతనం నుంచి కాపాడవు. కృష్ణాతీరం గారూ, సినిమాలు మళ్లీ తెచ్చుకోగలిగినవే, వాటికి మిర్రర్ ఎందుకు? రెండో డిస్కులో ముందు ఫొటోలు, ఇంటి వీడియోలు వేయండి, చోటు మిగిలితేనే సినిమాలు. మొదటి కాపీ అయ్యాక ఒక ఫోల్డర్ వేరే కంప్యూటర్‌లో తెరిచి చూడండి.