రాతి బాకు నకలు: రంపం, రాగి వాడితే ‘చేత్తో చేసింది’ అనొచ్చా?

చెకుముకి: డెన్మార్క్ 100 క్రోనర్ నోటు మీద కనిపించే హిండ్స్‌గావ్ల్ బాకుకు (అక్కడ దొరికిన పాతకాలపు చెకుముకిరాతి బాకు) నకళ్లు చేసి, ‘పూర్తిగా చేతిపని’ అని అమ్ముతున్నారు. డైమండ్ రంపంతో రాయిని పలకలా కోసి, గ్రైండర్‌కి పట్టి, చివర్లో రాగి మొనతో ఒత్తి పెచ్చులు (పలచటి రాతి ముక్కలు) లేపితే అది చేతిపనా? అసలు బాకు 29.5 సెంటీమీటర్ల పొడవు, మందం సెంటీమీటరు కూడా లేదు. ముడి రాయిని అంత పలచగా తేవడంలోనే పనితనం ఉంది.

రాతిపని: రంపం పెచ్చులు లేపదండీ. పిడి మీద కుట్టు వేసినట్టు వంకర్లు తిరిగే ఆ అంచు తీసేటప్పుడు ఒక్క ఒత్తు తప్పితే బాకు రెండు ముక్కలే. ఇక సానబట్టడం కొత్తేమీ కాదు. ఈజిప్టు గెబెల్ ఎల్-అరక్ కత్తిని, అంటే అక్కడి ప్రాచీన రాతి కత్తిని, ముందు సానబట్టి, తర్వాతే ఒక వైపు పెచ్చులు తీశారు.

కొమ్ముమొన: ఎలా చేసినా మాస్క్ పెట్టుకోండి. ఆ రాతి దుమ్ముతో సిలికోసిస్ అనే ఊపిరితిత్తుల జబ్బు వస్తుంది.

చెకుముకి: రాగి సంగతి దాటేశారు.

రాతిపని: ఆ బాకుల కాలానికి, అంటే సుమారు క్రీ.పూ. 2350–1700 నాటికి, డెన్మార్క్‌లో లోహం తెలుసు.

చెకుముకి: తెలియడం వేరు, వాడటం వేరు. నేను రాగి కాకుండా జింక కొమ్ము మొనతోనే ఒత్తి చేస్తాను. పెచ్చులు లేచిన గీతలు సమానంగా లేవని నా బాకు తిప్పి పంపారు, మీలాంటి వాళ్ల పని చూసి!

రాతిపని: అలా చెప్పండి. బాధంతా బేరం పోయిందనా?

చెకుముకి: బేరం గురించి కాదు! నా బాకు ఒకటి కొన్నవాడు, నేను చెక్కిన పేరు అరగదీసి, మట్టి రంగు పట్టించి పాతదని అమ్మాడు. పెచ్చుల మధ్య నున్నటి మచ్చ మిగిలింది కాబట్టి దొరికాడు. మీరు అసలు పేరే చెక్కరు. 19వ శతాబ్దంలో ఇంగ్లండ్‌లో ఫ్లింట్ జాక్ అనేవాడు ఇలాంటి నకళ్లతోనే పాత వస్తువులు సేకరించేవాళ్లను మోసం చేశాడు.

రాతిపని: నేను ఎవరినీ మోసం చెయ్యలేదు. నకలని కాగితం రాసిస్తాను. పేరు చెక్కితే ఆ అందం పోతుంది.

చెకుముకి: చేతులు మారినప్పుడు ఆ కాగితం కూడా వెళ్తుందా?

రాతిపని: అడిగిన వాళ్లకి చెక్కి ఇస్తాను. అడగకపోతే చెక్కను.

చెకుముకి: రేపు పాతదని అమ్మేవాడు ఎందుకు అడుగుతాడు?